సత్తయ్య వేయించిన రీచార్జి

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సత్తయ్య పాతికేళ్లుగా మిషన్ దగ్గర పని చేస్తున్నాడు. ఏ బెల్టు ఎప్పుడు జారుతుందో, ఏ చప్పుడులో తేడా వచ్చిందో ఆయనకు దూరం నుంచే తెలిసిపోతుంది. సొంతూరు పెన్‌పహాడ్ దగ్గర. పెళ్లయిన ఏడాదికే భార్య అంజమ్మను తీసుకుని ఇక్కడికి వచ్చి, మిల్లుకు దగ్గరలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. తాగుడు లేదు, పేకాట లేదు. మిల్లులో ఎవరినడిగినా మంచి మనిషనే చెప్తారు. ఆ మంచి మనిషి సొంత కూతురితో ఇరవై మూడేళ్లలో ఒక్క సంగతీ మాట్లాడలేదని మొన్నమొన్నటి దాకా ఎవరికీ తట్టలేదు. ఆయనకూ తట్టలేదు.

కూతురు వనితకు పుట్టుకతోనే వినబడదు. హైదరాబాద్‌లో అలాంటి పిల్లల బడిలో, హాస్టల్‌లో ఉండి చదువుకుంది. చేతులతో మాట్లాడడం అక్కడే నేర్చుకుంది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా అంజమ్మ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని నీళ్లకు ఏం చెయ్యాలి, కోపానికి ఏం చెయ్యాలి, రేపటికి ఏం చెయ్యాలి అని అడిగి నేర్చుకునేది. సత్తయ్య మాత్రం అన్నం తింటూ చూసేవాడు. ఏదైనా చెప్పాలంటే భార్యకు చెప్పేవాడు, ఆమె కూతురికి చెప్పేది. అలా సాగిపోయింది.

బయట మాత్రం ఆయనకు ఇబ్బందిగా ఉండేది. బస్సులో వనిత చేతులు ఆడిస్తే నలుగురూ తిరిగి చూసేవాళ్లు. సత్తయ్య ఆ చేతులను పట్టుకుని ఒళ్లోకి దించేవాడు. రెండు మూడుసార్లు అలా చేశాక ఆ పిల్ల తండ్రితో ఎక్కడికి వెళ్లినా చేతులు ముడుచుకునే కూర్చోవడం మొదలుపెట్టింది. బుద్ధిగా ఉందని ఆయన అనుకున్నాడు.

రెండేళ్ల కింద వనితకు కోదాడలో ఉద్యోగం దొరికింది. ఫ్లెక్సీలు వేసే షాపులో కంప్యూటర్ మీద డిజైన్ చేసే పని. అదే షాపులో కౌంటర్ దగ్గర కూర్చునే భావనతో కలిసి గది తీసుకుంది. నెలకు రెండు ఆదివారాలు ఇంటికి వచ్చేది. మిగతా రోజుల్లో సాయంత్రం ఆరున్నరకు తండ్రి ఫోన్‌కు వీడియో కాల్ చేసేది. ఇంట్లో ఉన్న పెద్ద ఫోన్ అదొక్కటే. ఇద్దరికీ చదవడం, రాయడం రాదు కాబట్టి మెసేజ్‌లతో పని జరగదు. అంజమ్మ దాన్ని బియ్యం డబ్బాకు ఆనించి పెట్టేది, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి. గంట, ఒక్కోసారి గంటన్నర. ఏం కూర వండుకున్నారు, ఓనర్ ఎందుకు కసిరాడు, ఏ పెళ్లి ఫ్లెక్సీలో పిల్లవాడి పేరు తప్పుపడింది, అన్నీ. మధ్యమధ్యలో అంజమ్మ పగలబడి నవ్వేది. పక్కగదిలో సత్తయ్యకు ఆ నవ్వొక్కటే వినిపించేది.

ఆ మాటల వల్ల రోజు డేటా రోజూ అయిపోయేది. సత్తయ్య రాత్రి తిన్నాక నాలుగు వీడియోలు చూద్దామని ఫోన్ తీస్తే గుండ్రంగా తిరుగుతూ ఉండేది. సరేలే అని ఊరుకునేవాడు. తర్వాత రేట్లు పెరిగాయి. బజార్లో రీచార్జి షాపు నడిపే జవహర్ ఆ మాట చల్లగా చెప్పాడు.

“కాకా, పాత రేటు ఇగ లేదు. రెండు వందల ముప్పై తొమ్మిదిది రెండు వందల తొంభై తొమ్మిదయింది. నీకు రోజుకు ఒకటిన్నర జీబీ సాల్తలేదంటున్నవ్ కదా, రెండు జీబీది తీసుకుంటే ఇంకా ఎక్కువ.”

“గింత పెంచుతరా ఒక్కసారే?”

“ఎక్కువ వాడేటోళ్లకే దెబ్బ కాకా. ఫోన్లు మాట్లాడుకునేటోళ్లకు తక్కువది ఉన్నది. కాల్స్ ఎన్నన్నా చేసుకో, నెట్ మాత్రం నెల మొత్తానికి రెండు జీబీ.”

సత్తయ్య ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. “గదే వెయ్యి. నాకు కాల్స్ ఉంటే సాలు,” అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే అంజమ్మ చేతిలో చాట అక్కడే పెట్టేసింది.

“పిల్ల నాతోని ఎట్ల మాట్లాడాలె?”

“ఆదివారం వస్తనే ఉన్నది గద. రోజూ గంటలు గంటలు ఏం ముచ్చటనే మీది? దానికి మాటలే రావాయె, దానికెందుకే గంత నెట్టు?”

అంజమ్మ చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆ మాట తను అన్నాడన్న సంగతి సత్తయ్యకు తర్వాత చాలా రోజులు గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

రెండు జీబీ రెండు సాయంత్రాల్లో అయిపోయింది. మూడో రోజు వనిత చేసిన వీడియో కాల్ ఈ ఫోన్‌కు రానే లేదు. నాలుగో రోజూ అంతే. అంజమ్మ ఆరున్నరకు ఫోన్ బియ్యం డబ్బాకు ఆనించి, కాసేపు దాని ముందు కూర్చుని లేచిపోయింది.

ఐదో రోజు మధ్యాహ్నం మిల్లులో ఉండగా పక్కింటి సాలి పరుగెత్తుకుంటూ వచ్చింది. “అన్నా, వదిన బట్టలుతికే బండ కాడ జారి పడ్డది. తలకు తాకింది. చెయ్యి వంకరపోయింది.”

ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకెళ్లారు. తలకు మూడు కుట్లు పడ్డాయి. కుడిచేయి మణికట్టు దగ్గర విరిగింది. పెద్ద ప్రమాదం ఏం లేదన్నారు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. కళ్లు మూతలు పడుతుండగా అంజమ్మ, “పిల్లకు చెప్పు. రెండు దినాల సంది పరేషానయితున్నదో ఏమో,” అంది. తర్వాత నిద్రలోకి జారుకుంది.

సత్తయ్య ఫోన్ తీశాడు. కంగారులో ఎప్పుడూ ఎవరికైనా చేసినట్టే నంబర్ నొక్కి చెవికి పెట్టుకున్నాడు. అటువైపు వెంటనే ఎత్తారు.

“వనితా! మీ అమ్మ పడ్డది బిడ్డా! దవాఖానల ఉన్నం!”

అటువైపు ఏదో మిషన్ తిరుగుతున్న చప్పుడు. దాని వెనక గొంతు లోపలి నుంచి, “ఆ… ఆ…” అని కూతురి శబ్దం. సత్తయ్య ఇంకా గట్టిగా అరిచాడు. మళ్లీ అదే శబ్దం, ఈసారి భయంతో. ఫోన్ కట్ అయ్యింది. ఆమె వీడియోకు ప్రయత్నించి ఉంటుంది, ఇటు ఏమీ రాలేదు. మళ్లీ మామూలు కాల్ వచ్చింది. ఎత్తి మళ్లీ అరిచాడు. వార్డులో ఉన్నవాళ్లంతా లేచి కూర్చున్నారు.

హైమావతి అనే నర్సు వచ్చింది. “ఎవలితోనయ్యా గంతగనం ఒర్లుతున్నవ్?”

“నా బిడ్డతోని సిస్టర్.”

“సిగ్నల్ లేదా? ఇనబడ్తలేదా ఆమెకు?”

“ఇనబడది సిస్టర్. పుట్టినప్పటి సంది ఇనబడది.”

నర్సు ఆయన ముఖం వైపు చూసింది. “మరి ఇనబడని బిడ్డకు ఫోన్ల మాట్లాడుతవేందయ్యా? వీడియో చెయ్యరాదు?”

“నెట్ లేదు సిస్టర్. నేనే… తక్కువది వేయించిన.”

పక్క మంచం మీది ముసలాయన ముఖం తిప్పుకున్నాడు. హైమావతి తన ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, ఆయన ఫోన్ తీసుకుని కలిపి, వీడియో కాల్ చేసి చేతిలో పెట్టింది.

తెర మీద వనిత. జుట్టు చెదిరి ఉంది. చేతులు గబగబా కదులుతున్నాయి. ఏదో అడుగుతోంది, మళ్లీ మళ్లీ ఒకటే అడుగుతోంది. సత్తయ్యకు ఏమీ అర్థం కాలేదు. అమ్మ అనడానికి ఏం చెయ్యాలో కూడా ఆయనకు తెలియదు. చివరికి ఫోన్ తిప్పి అంజమ్మను చూపించాడు. తలకు కట్టు, మూసిన కళ్లు, కదలని మనిషి. మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. వనిత నోరు తెరుచుకుని ఉంది. భయపడకు, ఏం లేదు అని చెప్పాలనుకున్నాడు. అలా అనుకుంటూ తల అడ్డంగా ఆడించి, అరచేయి గాలిలో ఊపాడు.

వనిత అరిచిన అరుపు ఫోన్‌లోంచి వార్డంతా వినిపించింది. తెర మీద పైకప్పు కనిపించింది, తర్వాత కాల్ ఆగిపోయింది.

హైమావతికి ముందు అర్థమయింది. “అయ్యో, ఏం చేసినవయ్యా! లేదు అన్నవ్ నువ్వు. అమ్మ లేదు అనుకున్నది ఆ పిల్ల!”

నర్సే ఆయన ఫోన్‌లో అమ్మ బాగుంది, నిద్రపోతోంది, భయం లేదు అని రాసి పంపింది. ఆ పిల్ల చూడలేదు. మళ్లీ వీడియో చేస్తే ఎత్తలేదు. అప్పటికే ఆమె ఫోన్ షాపులోనే పడేసి బస్టాండుకు పరుగెడుతోంది. కోదాడ నుంచి మిర్యాలగూడకు రెండు గంటలు. ఆ రెండు గంటలూ కూతురు తల్లి చనిపోయిందనుకుని బస్సులో కూర్చుని ఉంటుందని సత్తయ్యకు తెలుసు. ఎవరికీ చెప్పుకోలేదనీ అనుకున్నాడు. ఆయన దవాఖాన గేటు దగ్గర నిలబడ్డాడు. వచ్చే ప్రతి ఆటోకూ ఎదురు వెళ్లాడు.

ఐదున్నరకు వనిత దిగింది. వెంట భావన ఉంది. వనిత తండ్రిని దాటి లోపలికి పరుగెత్తింది. అంజమ్మ అప్పటికి లేచి కూర్చుని, ఎడమ చేత్తో చాయ్ తాగుతోంది. వనిత మంచం దగ్గర నేల మీద కూలబడి తల్లి కాళ్లు పట్టుకుంది. చాలాసేపటికి లేచి తండ్రి వైపు తిరిగింది. చేతులు కత్తుల్లా కదిలాయి. ఇంతమంది ముందు ఆమె అలా మాట్లాడడం సత్తయ్య ఎప్పుడూ చూడలేదు.

“ఏమంటున్నదమ్మా?” అని భావనను అడిగాడు.

భావన నొచ్చుకుంటూనే చెప్పింది. “చెయ్యి ఎందుకు ఊపారని అడుగుతోందండి. రెండు రోజుల నుంచి వీడియో ఎందుకు రావట్లేదని కూడా. ఏదో అయ్యిందనుకుని మొన్నటి నుంచి అన్నం కూడా సరిగ్గా తినట్లేదండి. నేను ఫోన్ చేసి అడుగుతానన్నా, చెడు వార్త వినాల్సి వస్తుందేమోనని వద్దంది; ఇవాళ మీ కాల్ వచ్చినప్పుడు నేను షాపులో లేను.”

సత్తయ్య రీచార్జి సంగతి చెప్పాడు. భావన ఆ మాటలను చేతులతో వనితకు చెప్పింది. రెండేళ్లలో ఈ పిల్ల ఇంత నేర్చుకుందా అని ఆయన ఆ చేతులనే చూస్తుండిపోయాడు. వనిత వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

“రేట్లు పెరిగినప్పుడు తనూ ఇబ్బంది పడిందండి,” అంది భావన. “మాకు వీడియో తప్ప వేరే మాట లేదు, మేం తక్కువ వాడడం ఎలా అంది. పొద్దున టిఫిన్ మానేసి పెద్ద ప్యాక్ వేసుకుంటోంది. మీకు చెప్పొద్దంది.”

సత్తయ్య బయటికి వచ్చి నల్లా దగ్గర ముఖం కడుక్కున్నాడు. తుడుచుకోవడానికి కండువా తీశాడు గానీ దాన్ని ముఖానికే పెట్టుకుని నిలబడిపోయాడు. అటుగా పోతున్న హైమావతి ఆగింది, కానీ పలకరించకుండానే వెళ్లింది. అందుకు ఆయన సంతోషించాడు.

మర్నాడు జవహర్ షాపులో రోజుకు రెండు జీబీల ప్యాక్ వేయించాడు. ఆ సాయంత్రం ఇంకో కష్టం మొదలైంది. వనిత కోదాడ వెళ్లిపోయింది. అంజమ్మ కుడిచెయ్యి పిండికట్టులో ఉంది. ఎడమ చేత్తో సగం మాటలే వస్తున్నాయి.

“నువ్వు కూసో నా పక్కన,” అంది భర్తతో. “నేను చెప్త, నువ్వు చెయ్యి.”

“నాకు రాదే.”

అంజమ్మకు అన్నాళ్ల కోపం ఒక్కసారే వచ్చింది. “మిల్లుల ఆ మోతల హమాలీలకు సైగ జేస్తవ్, లారీ డ్రైవర్‌కు సైగ జేస్తవ్. నీ బిడ్డకు మాత్రం చెయ్యి లేవదా?”

ఆయన కూర్చున్నాడు. ఆరు వారాలు రోజూ కూర్చున్నాడు. తిన్నావా, నిద్రపోయావా, చెయ్యి నొప్పి తగ్గింది. లావు వేళ్లు ఆయనవి, చెప్పినట్టు వంగేవి కావు. వనిత తెర మీద ఓపికగా సరిదిద్దేది, నవ్వేది కాదు. మొదటి వారంలోనే ఒకరోజు ఆయన ఎవరూ చెప్పకుండా రెండు చెవులూ పట్టుకున్నాడు. వనిత కాసేపు చూసి ఏదో అడిగింది.

“ఏమన్నదే?”

అంజమ్మ చెప్పడానికి తటపటాయించింది. “ఏ తప్పుకు అని అడుగుతున్నది.”

సత్తయ్య నోరు తెరిచాడు. చెయ్యి ఊపిన రోజు గురించి చెప్దామనుకున్నాడు. అంతలో బస్సులో ఒళ్లోకి దించిన చిన్న చేతులు గుర్తొచ్చాయి. మాటలే రావాయె అన్నది గుర్తొచ్చింది. ఒకటి చెప్తే మిగతావి దాచినట్టు అవుతుందనిపించింది. “అన్నిటికీ అని చెప్పు,” అన్నాడు. అంజమ్మ చెప్పలేదు. నువ్వే చెప్పుకో అని, అన్నీ అనడానికి ఏం చెయ్యాలో చూపించింది. ఆయన చేశాడు. వనిత తల ఊపింది. క్షమించానని కాదు, అర్థమయిందని.

ఇప్పుడు ఆయనకు వంద దాకా మాటలు వచ్చు. జవహర్ షాపులో నెలనెలా ఆ డబ్బు ఇచ్చేటప్పుడు మనసు చివుక్కుమంటుంది, అయినా ఇస్తాడు. బజారులో చేతులు ఎత్తాల్సి వస్తే ఇప్పటికీ చుట్టూ చూస్తాడు. అలా చూసినందుకు మళ్లీ సిగ్గుపడతాడు.

మొన్న ఒక ఆదివారం సూర్యాపేటలో ఒక హాల్లో వినికిడి లేనివాళ్ల కలయిక జరిగింది. వనిత ఇద్దరినీ రమ్మంది. లోపల ఓ అరవై మంది ఉన్నారు. చప్పుడు లేదు, కానీ గదంతా మాటలే. వనిత నలుగురి మధ్య నిలబడి ఏదో చెప్తుంటే వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. కూతురు ఇంత నవ్వించే మనిషని సత్తయ్యకు తెలియదు. తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన దగ్గరికొచ్చి వేగంగా ఏదో అడిగాడు. సత్తయ్యకు ఒక్క ముక్క కూడా అందలేదు. ఆయన మళ్లీ అడిగి, కాసేపు ఆగి, మర్యాదగా నవ్వి పక్కవాళ్ల వైపు తిరిగిపోయాడు.

అంజమ్మ, “పిల్లను పిలువరాదు, ఆమె చెప్తది,” అంది.

“వద్దు,” అన్నాడు సత్తయ్య. “ఆమె మాట్లాడుతున్నది కద.” గోడ పక్కన కుర్చీ లాక్కుని, ఆమె మాట పూర్తయ్యేదాకా కూర్చున్నాడు.