రెండో పాఠం

ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్షకు నెల ముందు, బోనకల్‌లో ఇంటి దగ్గరే చదువుకుంటున్న మనోజ్ఞ ఫోన్‌లో కొత్త లెక్కల యాప్‌లో ఆవు బొమ్మను గుర్తుపట్టి బంగారు నక్షత్రం గెలుచుకుంది. వయసు అడిగినచోట తండ్రి ఉదయ్ భాస్కర్ పదిహేనుకు బదులు ఐదు కొట్టాడు. ఆయన మిర్చి వ్యాపారి. యార్డులో బస్తాకొక కాయ తీసి, తుంచి, వాసన చూసి, పెదవి విరిచి పక్క బస్తాకు వెళ్తాడు. కూతురికి చందా కట్టాల్సిన లెక్కల యాప్‌నూ అంతే శ్రద్ధగా ఎంచుతున్నాడు: కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, ఉచితంగా వచ్చే మొదటి పాఠం పిల్లచేత చదివించి, పెదవి విరిచి, ఇంకోటి దింపుతాడు.

"ఎనిమిది యాప్‌లల్ల ఎనిమిదిసార్లు వాస్తవ సంఖ్యల పాఠమే చదివిన, గిప్పుడు ఆవు. రెండో పాఠం ఎప్పుడు నాన్నా?" అంది మనోజ్ఞ.

తొమ్మిదోదాన్ని తీసేస్తూ ఆయన అన్నాడు: "భయపడకమ్మా, పరీక్షల మొదటి ప్రశ్న మొదటి పాఠంల నుంచే వస్తది."