రాముడు లేని గంజీఫా

"బిడ్డా, మీ మామ పోయిండు" అని పాల్వంచ నుంచి అత్త ఫోన్ చేసింది. పొద్దున చాయ్ తాగి కుర్చీలోనే ఒరిగిపోయాడట. ఖమ్మం నుంచి బస్సెక్కి వెళ్లేసరికి వాకిట్లో టెంటు వేసేశారు. దాని కింద కూర్చున్న బంధువులు "పేకాట పిచ్చి ఉండె గానీ మంచోడే" అనుకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతోంది, అందుకే ఇది రాస్తున్నాను.

మా మేనమామ జన్మలో పైసా పెట్టి ఆడలేదు. కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తూ, సెలవు దొరికితే పాత గంజీఫా కట్టల కోసం ఊళ్లు తిరిగేవాడు. గంజీఫా అంటే వెనకటివాళ్లు ఆడిన గుండ్రటి పేకముక్కలు. పాతబట్ట పొరలకు చింతగింజల జిగురు పట్టించి, చేత్తో బొమ్మ వేసి, పైన లక్క పూసేవారు. మామ దగ్గరున్న వాటిలో దశావతారాల కట్ట ఒక్కటే పూర్తిగా ఉండేది. అందులో ఒక్కో అవతారానికి ఒక రాజు, ఒక మంత్రి, కింద అంకెల ముక్కలు. ఆ కట్టలో ఒక్క ముక్క కూడా పోకుండా చూసుకోవడం ఆయనకు ప్రాణంతో సమానం.

మెతక మనిషేమీ కాదు. ఒకసారి హైదరాబాద్ వ్యాపారి ఒకాయన, చాలా పాతదని ఒక కట్ట తెచ్చాడు. మామ వాసన చూసి, కిటికీ దగ్గర అంచులు తిప్పి చూసి మొహం మీదే చెప్పాడు.

"చాయ్ డికాషన్ల ముంచి తెచ్చినవు. ఆడిన ముక్కకు అంచు అరుగుతది. నువ్వేమో దేవుడి మొఖం అరగదీసినవు. ఇది ఆడిన కట్ట కాదు, రుద్దిన కట్ట."

ఆ వ్యాపారి అత్త ఇచ్చిన చాయ్ ముట్టకుండా లేచిపోయాడు. "ముక్కలకు తాగించిండు గదా, చాలు" అని మామ నవ్వాడు.

నన్నూ వదిలేవాడు కాదు. కట్ట మీద చెయ్యి వేస్తే చాలు, "చెయ్యి తుడుసుకో. నీకంటే పెద్దది అది" అనేవాడు.

పెద్దకర్మ నాడు నేను వంటల దగ్గరుండగా బంధువులు లోపల మామ బీరువా తెరిచి దశావతారాల కట్ట తీశారు. ఇన్నేళ్లూ "ఇంట్ల పేకముక్కలేంది, దరిద్రం" అన్న నోళ్లే "అయ్యో, దేవుళ్లు" అన్నాయి. భోజనాలు అయ్యేలోపు తలా కొన్ని కళ్లకద్దుకుని సంచుల్లో వేసుకుని పోయారు. తాంబూలం పంచుకున్నట్టు పంచుకున్నారు.

ఇల్లిల్లూ తిరిగాను. పెనుబల్లిలో అన్న వాళ్లింట్లో కృష్ణుడికి పసుపునీళ్లతో అభిషేకం చేశారు. లక్క ఉబ్బి రంగు లేచిపోయింది. సత్తుపల్లిలో పిన్ని పూజగదిలో పరశురాముడు ఫ్రేములో ఉన్నాడు, నుదుట ఇంత కుంకుమ.

"అది పేకముక్క పిన్నీ" అన్నాను.

"గట్ల అనకు, కండ్లు పోతయ్."

"మామ బతికుండగా ఈ భక్తి ఎక్కడికి పోయింది?"

నేనే ఫ్రేము విప్పి ముక్క తెచ్చుకున్నాను. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడడం లేదు. సంతోషం.

చివరికి అన్నీ దొరికాయి, రాముడు రాజుగా ఉన్న ముక్క తప్ప. అందరూ మాకు తెలియదంటే మాకు తెలియదన్నారు. భద్రాద్రి దగ్గర పుట్టినవాళ్లు రాముణ్ని తీసుకుని ఒప్పుకుంటారా అని అందర్నీ మనసులో దొంగలని తిట్టుకున్నాను. పాల్వంచ వెళ్లి అత్త ముందు కట్ట పెట్టాను.

"ఎవరు తీశారో చెప్పు అత్తా. వాళ్లింటి మీదికే పోతా."

అత్త ముక్కలను చీరకొంగుతో మెల్లగా తుడిచింది.

"ఎవరూ తీయలే బిడ్డా. నేనే. డ్యూటీ లేనినాడు మేమిద్దరం తలుపేసుకుని ఆడుకునేటోళ్లం. పగటి ఆటకు రాముడే ముందు దిగాలె. మీ మామ పొద్దుగాల పోయిండు. వట్టిచేతుల ఎట్ల పంపుత?"

పాడె ఎత్తిన రోజు గుర్తొచ్చింది. పాడె మీద ఆయన కుడి పిడికిలి తెల్లగుడ్డతో బిగించి కట్టి ఉంది. బిగుసుకుపోయిన చెయ్యిని ఎవరో సరిచేసి కట్టారనుకున్నాను. ఆ పిడికిలి మీద నేనూ నాలుగు బియ్యపు గింజలు వేశాను.