అత్తామామల నడుమ మాటలు మోసిన రోజు

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. (యాభై దాటాక నేర్చుకున్నాను, అందుకే ఇప్పుడిలా రాసి మీ ప్రాణం తీస్తున్నాను.) అయినా, విన్నది పొల్లుపోకుండా అప్పజెప్పడంలో మా ఊరు తనకల్లు చుట్టుపక్కల నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. డెబ్భైల చివర్లో ధర్మవరంలో ఒక నేతగాళ్ల ఇంటికి కోడలిగా వచ్చేటప్పుడు, "అబద్ధాలాడొద్దమ్మా, ఉన్నదున్నట్లు చెప్పు" అని నాయన సాగనంపాడు. ఆ మాటను నేను మరీ గట్టిగా పట్టుకున్నాను.

వచ్చిన వారానికే మామ నా చేతి సంగటి తిని, "ఇన్నేండ్లకు ఉండల్లేని సంగటి తింటి" అన్నాడు. అంతే, అత్త ఆయనతో మాటలు మానేసింది. మానేస్తే మానేసింది గానీ, మా మగ్గం ఇద్దరు మనుషుల పని. మామ గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని చీర నేస్తుంటే, అత్త పక్కనే కూర్చుని కుడి అంచుకు పోగు నడిపే నాడె వేయాలి. పని ఆగలేదు, మాట మాత్రం నా నోటి మీదుగా పోవాలని తేలింది. నన్ను ఇద్దరికీ ఎదురుగా నిలబెట్టారు. నేను అడుగుపెట్టాక మొదలైన తొలి చీర అది, షావుకారు కూతురి పెళ్లికి అందాలి. అందకపోతే "ఈ పిల్ల కాలు పెట్టింది, మగ్గం నిలిచింది" అని వీధంతా నన్నే అంటుంది.

"అమ్మీ, అంచు వంకర పోతాండాది, కండ్లు పెట్టి నెయ్యమను. ఆ మోకాలెట్లుండాదో ఏమో" అంది అత్త.

"మామా, కండ్లు పెట్టి నెయ్యాలంట!" అన్నాను, అత్త గొంతుతోనే, అత్త మూతి విరుపుతోనే. (ఉన్నదున్నట్లు కదా!)

"నేను పుట్టిందే మగ్గం పక్కన. ఆయమ్మ యాడ పుట్టినాదో అడుగు."

"అత్తా, నువ్వు యాడ పుట్టినావని అడుగుతాండాడు."

"మా పుట్టింటి జోలికొచ్చినాడా! ఇంక ఈ మగ్గం కాడ కూసుంటే ఒట్టు, చెప్పుపో!"

చెప్పాను. గుమ్మం దగ్గర చేరిన ఇరుగుపొరుగు, "గట్టిగా చెప్పమ్మీ, ఈడికి వినపళ్లేదు" అన్నారు. గట్టిగా చెప్పాను. అత్త నాడె కింద పెట్టి లేచింది. మగ్గం ఆగింది, దాంతోపాటు పెళ్లి చీర కూడా. వంటింట్లోకి పోతూ అత్త గొణుక్కుంది: "మోకాలికి నూనె పూసుకున్నాడో లేదో."

పొద్దున్నుంచీ అత్త తిట్లలో చాలావాటి చివర మామ మోకాలి నొప్పి మాట ఉంది. తగాదాకు సంబంధం లేదని నేనే వదిలేస్తూ వచ్చాను. పొల్లుపోని నా వినికిడి ఘనత అదీ!

"మామా, మోకాలికి నూనె పూసుకున్నావా అంటాండాది అత్త."

మామ పోగు సరిచేసుకుంటూ అన్నాడు: "లేదు. సీసా యాడుండాదో నాకేం తెలుసు?"

నేను వంటింటి వైపు తిరిగేలోపే, "గూట్లో ఉండాది! పెండ్లైనప్పట్నుంచీ ఆ గూట్లోనే ఉండాది!" అని అత్త కేక. నేరుగా ఆయనకే! సీసాతో వచ్చి, నూనె పూసి, చేతులు తుడుచుకుని నాడె అందుకుంది. తర్వాత ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. "ఏమ్మీ, మొగుడూ పెండ్లాం మాట్లాడుకుంటాంటే నడుమ నీకేం పని? పో ఆడికి!"

చీర పెళ్లికి అందింది. నా కాలు మంచిదేనని తేలింది. పుట్టింటికి పోయినప్పుడు, అత్తామామలను కలిపింది నేనేనని నాయన దగ్గర గొప్పలు పోయాను. ఆయన నమ్మాడు, నేనూ చాలా ఏళ్లు నమ్మాను. ఆ మగ్గం ముందు వాళ్లిద్దరి మధ్యా జానెడు ఎడం కూడా లేదనీ, నేను మోయకపోయినా ప్రతి మాటా వాళ్లకు వినబడుతూనే ఉండిందనీ నాకు తట్టేసరికి, నేనే ఒక కోడలికి అత్తనైపోయాను.