దేవమ్మ మాటను దిద్దిన పాపం

సినిమా మాటల రచయిత పట్టాభిరామయ్యగారు కాగితం మీద కలం పెట్టే ముందు ప్రతి మాటనూ గొంతెత్తి పలికి చూసుకునేవారు. ప్రతినాయకుడి సంభాషణైతే బల్ల గుద్దేవారు. తల్లి సంభాషణైతే గొంతు జీరపోయేది. మద్రాసులో ముప్పై ఏళ్లు అలాగే రాశారు. పరిశ్రమతో పాటు తరలివచ్చి ఫిలింనగర్‌లో ఇల్లు కట్టుకునేనాటికి అవకాశాలు తగ్గాయి గాని అలవాటు తగ్గలేదు. సంభాషణల స్థానంలోకి ఉత్తరాలు వచ్చాయి. జూబిలీహిల్స్ రోడ్డులో ఏ వాల్‌పోస్టరు మీద ఒక ఒత్తు ఎగిరిపోయినా పత్రికకొకటి, నిర్మాతకొకటి ఉత్తరం వెళ్లేది; కార్బన్ నకలు తేదీతో సహా ఫైల్లో చేరేది. టపా కదలని ఆదివారాలు తప్ప, ఆ ఉత్తరాలన్నీ ఉదయం పదింటికి, వసారాలో, గావుకేకలతో పుట్టేవి.

ఆ ఇంట్లో రీలు అనే కుక్క ఉండేది. పక్క స్థలంలో పునాదులు తవ్వుతున్నప్పుడు, కళ్లయినా సరిగా తెరవకముందే తల్లిని పోగొట్టుకున్న పిల్లను ఆయన భార్య బాలాత్రిపురసుందరి తెచ్చి పెంచింది. దానికొక వింత అలవాటు. ఆయన కండువా కొస నోట పెట్టుకుని, ముందుకాళ్లతో పిసుకుతూ, కళ్లు మూసుకుని చీకేది. కొరికేది కాదు, చింపేది కాదు. తడిసి ముద్దయ్యేదాకా చీకి, దాని మీదే తల ఆనించి నిద్రపోయేది.

తొంభై మూడు వేసవిలో ఒకరోజు సభకు బయల్దేరుతూ భుజాన వేసుకున్న కండువా మెడకు తడిగా తగిలేసరికి ఆయన మండిపడ్డారు.

"నాలుగేళ్ల కుక్కకు ఈ చంటిపిల్ల వేషమేమిటి? నీ గారాబమే ఇదంతా!"

"గుడ్డముక్కే కదండీ, పోనివ్వండి" అందావిడ.

"గుడ్డముక్కా? పొందూరు ఖద్దరు!"

బోరబండ నుంచి పనికి వచ్చే దేవమ్మ ఊడవడం ఆపి తలెత్తింది. "సారూ, గది పొగరుతోని జేస్తలేదు. దానికి బుగులైతున్నది."

"బుగులు కాదు దేవమ్మా, గుబులు. గు-బు-లు. అక్షరాలు తారుమారు చేయకు."

"కుక్కకు అక్షరాలెక్కడియి సారూ!" అని నవ్వి ఆమె మళ్లీ చీపురు అందుకుంది.

ఆయన నవ్వలేదు. కండువాలన్నీ ఉతికించి బీరువాలో పెట్టి తాళం వేశారు. రీలును వసారా స్తంభానికి గొలుసుతో కట్టేశారు.

నెల తిరక్కుండానే అది కుడి ముందుకాలిని నాకడం మొదలుపెట్టింది. వెంట్రుకలు ఊడాయి, చర్మం ఎర్రబడి పుండైంది. శ్రీనగర్ కాలనీలోని పశువైద్యుడు కట్టు కట్టి, "నాకుడు ఆగకపోతే కాలు దక్కదండీ. తేదీ, వేళ, కారణం రాసి పదిహేను రోజులకు తీసుకురండి" అన్నాడు.

రాయడమంటే ఆయనకు చెప్పాలా? గళ్లు గీసి ఒక నోటుపుస్తకం తెరిచారు. పదిహేనో రోజున డాక్టరు దగ్గరికి వెళ్లబోతూ దాన్ని చూసుకుంటే, ఆదివారాలు ఖాళీ. గొంతు పట్టేసి తాను మాట్లాడలేకపోయిన మూడు రోజులూ ఖాళీ. తక్కిన అన్ని రోజులూ వేళ ఒక్కటే: పది, పదింబావు. ఉత్తరాల ఫైలు తీసి పక్కన పెట్టుకున్నారు. అది కాలు నాకిన ప్రతి తేదీకీ ఒక ఉత్తరం ఉంది; ఒక్కటి కూడా తప్పు పోలేదు.

"సిగ్గు లేదూ!", "ఎవడిచ్చాడు నీకీ అధికారం!" అని ఆయన ఉరిమినదంతా కాగితానికి. కుక్కకు కాగితం సంగతేం తెలుసు? వసారాలో ఉన్నది ఆయనా, అదీ. ఏ గొంతుకు బెదిరిందో ఆ మనిషి ఒంటి వాసననే నోట పెట్టుకుని ఇన్నేళ్లూ ధైర్యం తెచ్చుకుంది. ఆ ఆసరాకు తాళం వేసి, పారిపోయే వీలు లేకుండా గొలుసు వేసి మరీ వినిపించింది తాను.

"దేవమ్మా! ఆ రోజు రీలుకేమిటో అవుతోందన్నావు. ఏమిటది?"

"గుబులు సారూ" అందామె జాగ్రత్తగా.

"నేను దిద్దింది కాదు. నీ మాట చెప్పు."

"బుగులు. బుగులంటే భయం. మా దిక్కు గట్లనే అంటరు."

"భయమా? మరి అప్పుడే చెప్పొచ్చు కదా!"

"మీరు చెప్పనిస్తిరా?"

మూడు నిఘంటువులున్న మనిషి, అక్షరం పట్టుకుని అర్థాన్ని వదిలేశారు.

వసారాలోకి వెళ్లి గొలుసు విప్పారు. "రీలూ" అన్నారు, తనకు చేతనైనంత మెల్లగా. కుక్క చెవులు వెనక్కి వాల్చి, పొట్ట నేలకు అదిమి, కట్టు కట్టిన కాలిని ముట్టెతో వెతుక్కుంది. ఆయన నోరు మూసుకున్నారు. డాక్టరు దగ్గరికని భుజాన వేసుకున్న కండువా తీసి దాని ముందు పెట్టి, అడుగుల చప్పుడు కానివ్వకుండా లోపలికి వచ్చి తలుపు చేరవేశారు.

చాలాసేపటికి అవతలి నుంచి తడిగుడ్డ చీకుతున్న చప్పుడు వినిపించింది.

బల్ల మీద సగం రాసిన ఉత్తరం ఉంది. దాన్ని పక్కకు జరిపి నోటుపుస్తకం ముందుకు లాక్కున్నారు. కారణం అన్న గడి పదిహేను రోజులుగా ఖాళీగా ఉంది. పెదవి కదపకుండా అందులో "బుగులు" అని రాసి, కింద తన పూర్తి పేరుతో సంతకం చేశారు.