పురుషోత్తమ్ పెంచిన పసుపు రాయి

మా ఆయన పురుషోత్తమ్ మొదట శిడ్లఘట్టలో పసుపుపచ్చని పట్టుగూళ్లు ఉడికించి దారం తీసేవారు. తర్వాత గౌరిబిదనూరు దగ్గర వజ్రాలు పెంచే ఫ్యాక్టరీలో చేరారు. అక్కడ పెన్సిల్ ముల్లులో ఉండేలాంటి నల్లపొడిని ప్రెస్సులో గట్టిగా నొక్కి, విపరీతమైన వేడి పెడితే లోపల ఉంచిన వజ్రపు నలుసు పెద్దదవుతుంది. గాలిలోని నైట్రోజన్ కలిస్తే రాయి పసుపుగా వస్తుంది.

"మన పట్టుగూళ్ల రంగే చూడు శశీ!" అని మురిసిపోయి, తాను పెంచినదొకటి కొని నాకు ముక్కుపుడక చేయించారు.

ఆయన పోయిన పదకొండో రోజు చుట్టాల ఆడవాళ్లు దాన్ని తీసెయ్యమన్నారు. నాకు చేతులు రాలేదు.

మా అత్త లక్ష్మీదేవమ్మ లేచింది. "మీ ముక్కుల్లో ఉండేటివి అంగట్లో కొన్నవి. ఇది నా కొడుకు పెంచింది. యాడికీ పోదు, ఉండనీండి!"

తన కొంగుతో నా ముఖం తుడిచింది.