ఉపన్యాసంలో రెండో సగం

నా ఉపన్యాసంలో మొదటి సగం అందరికీ ఇష్టం. రెండో సగం ఎవరికీ ఇష్టం లేదు. తెలంగాణ వచ్చినప్పటి నుంచి ఇదే తంతు. నేను నల్గొండ దగ్గర ఒక సర్కారు బడిలో సోషల్ చెప్తాను. అవతరణ దినమనీ, భాషా దినమనీ, మహిళా దినమనీ ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. మైకు ముందు కూడా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతానని నాకు పేరు.

మొదటి సగంలో నా చదువు ముచ్చట ఉంటుంది. టీచర్ ట్రైనింగ్ కోసం హైదరాబాద్ పోయి హాస్టల్లో చేరిన కొత్తలో క్లాసులో లేచి "గిట్లెందుకైతది సార్?" అని అడిగాను. గది గదంతా పగలబడి నవ్వింది. పాఠం చెప్పే ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి. "ఇంకోసారి అనమ్మా, వినడానికి భలే ఉంది" అన్నాడు. మళ్లీ నవ్వారు. ఆ ఏడాదంతా నేను క్లాసులో నోరు విప్పలేదు. సినిమాల్లో మన మాట రౌడీకీ పనివాడికీ తప్ప ఇంకెవరికీ దక్కలేదనీ, మన నోరంటే మనకే సిగ్గు పుట్టించారనీ చెప్తాను. ఇక్కడికి వచ్చేసరికి సభ ఊగిపోతుంది. కొల్లాపూర్‌లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు వేదిక మీదికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నా కతే చెప్పినవు బిడ్డా" అన్నాడు.

తర్వాత గుక్కెడు నీళ్లు తాగి రెండో సగం మొదలుపెడతాను. "గా హాస్టల్ల నా మాటకు నవ్విన పిల్లలే నా పక్కన కూసోని నా డబ్బాల తొక్కుపచ్చడి తిన్నరు. నా మాట మాట్లాడే నా ఊరోళ్లు మాత్రం నేనిచ్చిన నీళ్లు తాగలె. మాది మాదిగవాడ. వాళ్లు నవ్వుడు తప్పయితే, మీరు తాగకపోవుడు తప్పు గాదా?"

అంతే. ఇందులో ఒక్క తిట్టు లేదు. అయినా చప్పట్లు ఠక్కున ఆగిపోతాయి, జేబుల్లోంచి ఫోన్లు బయటికి వస్తాయి. కొల్లాపూర్‌లో నా తల నిమిరిన హెడ్మాస్టరే భోజనాల దగ్గర నన్ను చూసి అటు తిరిగి నిలబడ్డాడు. మొదటి కథ ఆయనదైంది, రెండోది నా ఒక్కదానిదే అయింది.

షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీ పనివాళ్ల సభ ఒకటి జరిగింది. అందులో ఒకతను లేచి "మేడం, గవన్నీ మా తాతల నాటి ముచ్చట్లు. ఇప్పుడెవలు సూస్తుండ్రు?" అన్నాడు. ఎక్కడుంటావని అడిగితే కిరాయి ఇంట్లో అన్నాడు. ఇల్లు చూడబోయిన రోజు ఓనరు అందరికంటే ముందు నిన్నేం అడిగాడన్నాను. "ఏమోళ్లు మీరు, ఏం కులం అని అడిగిండు" అని చెప్పేసి, చెప్పాక నాలుక కరుచుకున్నాడు. హాలంతా నవ్వింది. అతనూ నవ్వాడు, అది అతని మంచితనం. నల్గొండలో ఒక లేడీ లెక్చరర్ నన్ను మెట్ల దగ్గర పక్కకు పిలిచి, చెయ్యి పట్టుకొని, "మంచిగ చెప్పినవమ్మా, కని గందరి ముంగట ఎందుకు?" అంది. ఎవరూ లేనప్పుడు గోడకు చెప్పుకోనా అన్నాను. ఆమె చెయ్యి వదిలేసింది. "నౌకరి తెచ్చుకున్నవు గద, ఇంకేం కావాలె?" అని వెనక బెంచీల నుంచి అనేవాళ్లకైతే లెక్కే లేదు.

నాకు ఒళ్లు మండుతుంది. దాచుకోను. అన్యాయం గురించి వినడం మనవాళ్లకు చాలా ఇష్టం, అది తమకు జరిగిన అన్యాయమైనంత సేపు. తాము చేసిన దాని దగ్గరికి వచ్చేసరికి అందరికీ బస్సుకు టైమవుతుంది.

మా ఊరి సర్పంచ్ ఫోన్ చేసింది ఇలాంటి రోజుల్లోనే. నాకంటే చిన్నవాడు, పెద్దింటి పిల్లగాడు. ఉద్యమంలో మేమంతా రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసినప్పుడు, మా అమ్మ కలిపిన పులిహోరను చేతుల్లో పట్టుకొని తిన్నవాడు. నన్ను అక్కా అంటాడు, మీరు అంటాడు. మా అమ్మను మాత్రం నువ్వు అనే అంటాడు, అతనికి ఆ సంగతి తెలిసినట్టు కూడా ఉండదు.

"అక్కా, ఈసారి సద్దుల బతుకమ్మకు ఊరంత ఒక్క కాడనే ఆడుదమని తీర్మానం చేసినం. బొడ్రాయి కాడ. మీ వాడోళ్లు గూడ రావాలె. మీరొచ్చి జర మాట్లాడాలె."

బొడ్రాయి మా ఊరి నడిబొడ్డున పాతిన రాయి. దాని చుట్టూ పెద్ద కులాల ఆడవాళ్లు బతుకమ్మలు పెట్టి ఆడతారు. మా వాళ్లు వాడలోనే ఆడుకొని, వాళ్లంతా చెరువుకు పోయి వచ్చాక పోతారు. నేను పుట్టినప్పటి నుంచి అంతే, మా అమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంతే. ఒక్కసారైనా తన బతుకమ్మను బొడ్రాయి దగ్గర దించాలని మా అమ్మకు ఎంత కోరికో ఇంట్లో మాకందరికీ తెలుసు.

"ఒక్క మాటక్కా" అన్నాడు సర్పంచ్. "మీ ఉపన్యాసంల గా మొదటిదే చెప్పుర్రి. రెండోది వద్దు. పండుగ పూట జనం మనసు కరాబైతది."

"మా వాళ్లు బతుకమ్మలు ఎక్కడ పెట్టాలి?"

"జర పక్కకు, పంచాయతీ ఆఫీసు ముందల. బొడ్రాయి కాడ మా అమ్మోళ్లయి ఉంటయి గద, జాగ సాలది."

"మరి ఒక్క కాడ ఎట్లయితది తమ్మీ?"

"మైకు ఒక్కటే గదక్కా!" అన్నాడు. అబద్ధం ఆడటం లేదు, ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అతనికి అది ఒక్క చోటే. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

పండుగ రోజు పొద్దున్నే మా అమ్మ గుట్ట నుంచి పూల మోపుతో దిగింది. తంగేడు, గునుగు, కట్లపూలు. మోపు మొదట మా ఇంటికి రాలేదు. పెద్దిండ్ల గడపల్లో పంచిపెట్టి, మిగిలిన పూలతో ఇంటికి వచ్చింది. ప్రతి ఏడూ జరిగేది ఇదే. ఆ ఇండ్లలో బతుకమ్మలను పేర్చేది మా అమ్మ తెంపిన పూలతోనే. ఆ పూలకు మైల లేదు. అదే చేతులు పేర్చిన బతుకమ్మ మాత్రం ఆ బతుకమ్మల పక్కన ఉండకూడదు. ఇది ఏ లెక్కో నాకు సోషల్ పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు.

సర్పంచ్ చెప్పిన పంచాయతీ ఆఫీసు మాట అమ్మకు చెప్పాను. కత్తిపీట మీద గునుగు పూల కాడలు కోస్తున్న ఆమె చెయ్యి ఆగింది.

"ఆఫీసు ముందలనా? గక్కడ ట్రాక్టర్లు పెడ్తరు" అంది.

మా పక్కింటి చిన్నమ్మ భయపడింది. "ఊకో అక్కా. పత్తి ఏరుడు మొదలైతాంది. కోపానికొచ్చి మనల పిలువకుంటే ఏం తింటం?" ఆ భయం ఉత్తది కాదు. మా వాడలో ఆడవాళ్లందరికీ ఆ నెల పని ఆ పెద్దిండ్ల చేలలోనే. అమ్మ మళ్లీ కాడలు కోయడం మొదలుపెట్టింది. కానీ ఆ రోజు ఆమె పేర్చిన బతుకమ్మ ప్రతి ఏటికంటే పెద్దగా వచ్చింది. వరుస మీద వరుస పెడుతూనే పోయింది. పైన పసుపు గౌరమ్మను నిలబెట్టి, దాన్ని కాసేపు చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలే వేళకు బొడ్రాయి దగ్గర షామియానా, కుర్చీలు, మైకు. పెద్దింటి ఆడవాళ్లు అప్పటికే బతుకమ్మలు దించి, గౌరమ్మకు దండాలు పెట్టుకొని కూర్చున్నారు. సర్పంచ్ తల్లి వాళ్లందరికీ పెద్ద. పాట ఎత్తేది ఆమే. మా వాళ్లు నెత్తి మీద బతుకమ్మలతో పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి ఉన్నారు. ఇంకా దించలేదు. నన్ను మాట్లాడమన్నారు.

నేను రెండో సగంతో మొదలుపెట్టాను.

"బొడ్రాయి కాడ ఉన్న పూలు ఎవలు తెంపిండ్రు? మా అమ్మ తెంపింది. గా చేతులకు గుట్టెక్కెతందుకు హక్కున్నది, గీడికి వచ్చెతందుకు లేదా? రోడ్డు మీద మీరందరు మా అమ్మ కలిపిన బువ్వ తిన్నరు. తెలంగాణ వచ్చినంక ఆ చెయ్యికి ఏమైంది?"

ఒక్క చప్పట కూడా పడలేదు. అప్పుడు మొదటి సగానికి వచ్చాను. నా మాటకు క్లాసంతా నవ్వడం, నేను నోరు మూసుకోవడం, అన్నీ చెప్పాను. ఎక్కడ చెప్పినా సభ ఊగిపోయే ఆ కథకు మా ఊళ్లో ఒక్క చెయ్యీ లేవలేదు. చప్పట్లు కొడితే మొదట విన్నదానికి కూడా కొట్టినట్టవుతుందని వాళ్లకు అర్థమైంది. అంతకంటే మంచి శ్రోతలు నాకు ఎన్నడూ దొరకలేదు. సర్పంచ్ ముఖం మాడిపోయింది. "సాలక్కా, సాలు" అంటూ మైకు తీసుకున్నాడు.

అతను ఇంకా జనానికి దండాలు పెడుతుండగానే మా అమ్మ నడిచింది. నెత్తి మీద బతుకమ్మ, ఒక చెయ్యి దాని మీద. కుర్చీల మధ్య నుంచి నేరుగా బొడ్రాయి దగ్గరికి పోయి, సర్పంచ్ తల్లి బతుకమ్మ పక్కనే తన బతుకమ్మను దించింది.

"ఎవలు పెట్టుమన్నరే నిన్ను గీడ?" అంది సర్పంచ్ తల్లి.

"నీ బతుకమ్మల పూలు నేను తెచ్చినయే. గవి గీడనే ఉన్నయి గదమ్మా" అంది అమ్మ.

పెద్దింటి ఆడవాళ్లు బిలబిలా లేచారు. తమ బతుకమ్మలను ఎత్తుకొని గుడి వైపు పోవాలని కొందరు వంగారు కూడా. వంగి ఆగిపోయారు. మా ఊళ్లో ఒకసారి బతుకమ్మను దించి దండం పెట్టుకున్నాక, ఆట ఆడకుండా లేపరు. లేపితే ఆ ఇంటికి అరిష్టమని నమ్ముతారు. మమ్మల్ని దూరం పెట్టమని చెప్పిన పట్టింపులే ఆ రోజు వాళ్ల కాళ్లకు అడ్డం పడ్డాయి. బతుకమ్మలు బొడ్రాయి దగ్గరే ఉండిపోయాయి, ఆడవాళ్లు మాత్రం పోయి గోడ వారన నిలబడ్డారు.

అమ్మ పాట ఎత్తింది. పక్కింటి చిన్నమ్మ, పత్తి పని పోతుందని పొద్దున భయపడిన ఆమే, అందరికంటే ముందు వచ్చి తన బతుకమ్మను దించింది. ఆమె వెనక మా వాడంతా వచ్చింది. నేనూ చెప్పులు విడిచి వరుసలో కలిశాను. మా బతుకమ్మల చుట్టూ, వాళ్ల బతుకమ్మల చుట్టూ కలిపి, వంగుతూ లేస్తూ చప్పట్లు కొడుతూ తిరిగాం.

కాసేపటికి గోడ వార నుంచి ఒక కోడలు వచ్చింది. తన బతుకమ్మ చుట్టూ తాను తిరగకపోతే ఎట్లా అనుకుందేమో. తర్వాత ఇంకో ఇద్దరు. చీకటి పడుతుండగా సర్పంచ్ తల్లి కూడా వచ్చి, మా అమ్మకు సరిగ్గా ఎదురు వైపు వరుసలో చేరింది. ముఖం గంటు పెట్టుకునే ఉంది. చప్పట్లు కొట్టకుండా బతుకమ్మ ఆడలేరు కాబట్టి, మా అమ్మ ఎత్తిన పాటకు ఆమె చప్పట్లు కొట్టింది.

ఆమె మనసు మారిందని నేను చెప్పను. మారలేదు. పలారం పంచుకునేటప్పుడు మా గిన్నెల్లోంచి ఆమె ఏమీ తీసుకోలేదు. కానీ నాకు ఆమె మనసుతో పని లేదు. మనసులు మారేదాకా ఆగమని చెప్పేవాళ్లు ఎన్నడూ ఆగినవాళ్లు కాదు. మా అమ్మకు కావలసింది ఆ జాగా. ఆ సాయంత్రం ఆమె అందులో నిలబడింది, పాట ఎత్తింది.

పత్తి ఏరడానికి మా వాళ్లను వెంటనే పిలవలేదు. ఆ రోజులు కష్టంగానే గడిచాయి, చిన్నమ్మ నన్ను రెండు మాటలు అంది కూడా. ఇంతలో మబ్బు పట్టింది, వానకు తడిస్తే పాడయ్యే పత్తి చేలలో విచ్చుకొని ఉంది. ఏరేవాళ్ల కోసం సర్పంచ్ బండి మా వాడలోకి వచ్చింది. మా వాళ్లు ఒడి కట్టుకొని పోయారు.

మరుసటి ఏడు సద్దుల బతుకమ్మకు ముందు సర్పంచ్ మళ్లీ ఫోన్ చేశాడు. "అక్కా, ఈసారి ఉపన్యాసం పెడ్తలేం" అన్నాడు నెమ్మదిగా.

"సరే. మరి బతుకమ్మ ఏడ ఆడుతున్నరు?"

"ఇంకేడక్కా, బొడ్రాయి కాడ్నే" అన్నాడు.

ఆ పండుగ పొద్దున నేను ఇంట్లోనే ఉన్నాను. సర్పంచ్ తల్లి పంపిన మనిషి మా గడప ముందు నిలబడి ఉన్నాడు, పూలు ఇంకా రాలేదేమని అడగడానికి. అమ్మ గుట్ట నుంచి అప్పుడే దిగింది. మోపు ఈసారి చిన్నగా ఉంది. నేరుగా మా ఇంటికే తెచ్చింది. మోపు దించి, కొంగుతో ముఖం తుడుచుకొని, అతనితో అంది:

"గుట్ట మీద పూలు మస్తుగున్నయి బిడ్డా. ఆమెను తెంపుకోమను. అందరం ఒక్క కాడ్నే ఆడుతున్నం గద."