ఊరగాయ సీసాలో గోల్డ్‌ఫిష్

పై ఫ్లాట్ ఆంటీ గాజుగిన్నెలో గోల్డ్‌ఫిష్ నీటి పైకొచ్చి నోరు తెరుస్తోంది. "చూడుమ్మా, నాతో మాట్లాడతాది!" అని ఆవిడ మురిసిపోయింది.

చిన్నప్పుడు మనమంతా ఊరగాయ సీసాల్లో చేపలు పెంచేవాళ్లం, గుర్తుందా? తిరువళ్లూరులో మా ఒంటిగది ఇంట్లో అమ్మ ప్రతి శుక్రవారం దీపపు కుందులతోపాటు ఆ సీసానూ తోమి, బ్లీచింగ్ మందు వాసన కొట్టే కుళాయినీళ్లు నింపి, చిటికెడు పసుపు వేసేది. చేప ఇలాగే నోరు తెరిస్తే, "తిరుత్తణి సామి పేరు చెప్తాండాది పాపా, దండం పెట్టుకో" అనేది. ఒక శుక్రవారం అలాగే పెట్టుకున్నాను. సాయంత్రానికి చేప చచ్చి తేలింది.

అది ఊపిరాడక తెరిచిన నోరని బడిలో చదివాకే తెలిసింది. ఆంటీకి అదే చెప్పి, పెద్ద తొట్టి పెట్టమన్నాను.

"పోతే ఇంకోటి తెస్తాంలేమ్మా. పెద్ద తొట్టి పెడితే టీవీ యాడ పెట్టేది?"

మా అమ్మకు అక్షరం రాదు. అయినా ఆ చేప కోసం రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఈవిడ ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన టీచరు.